మొదటి గేమ్ జామ్‌లో గేమ్ పూర్తి చేసి సబ్మిట్ చేయడం ఎలా?

గేమ్ జామ్ అంటే ఇచ్చిన థీమ్ మీద, ఇచ్చిన గడువులోపు చిన్న గేమ్ తయారుచేసి అందరూ ఆడేలా పెట్టే కార్యక్రమం. అందులో చేరాలంటే ఎంత వచ్చి ఉండాలి? ఏ ఇంజిన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడాలి? టీమ్ లేకపోతే కుదురుతుందా? బొమ్మలు వేయడం రాకపోతే ఎలా? కొత్తవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే. స్క్రీన్ మీద ఒక బొమ్మను కీబోర్డుతో కదిలించి, అది ఇంకోదానికి తగిలినప్పుడు ఏదో ఒకటి జరిగేలా చేయగలిగితే చాలు, మీరు జామ్‌కి సిద్ధమే. మిగతాదంతా ఏం వదిలేయాలో తెలుసుకోవడంలో ఉంది.

మొదటి జామ్‌లో గేమ్ బయటికి రాకుండా పోవడానికి రెండు కారణాలు తరచూ కనిపిస్తాయి. ఒకటి, రెండు రోజుల్లో పట్టనంత పెద్ద ఆలోచన. రెండు, గేమ్ దాదాపు తయారయ్యాక, గడువు ఇంకో అరగంట ఉందనగా బిల్డ్ (ఆడటానికి సిద్ధం చేసిన గేమ్ ఫైళ్లు) బ్రౌజర్‌లో తెరుచుకోకపోవడం. రెండోదానికి విరుగుడు తేలిక: అప్‌లోడ్ పనిని చివరికి వదలకుండా అన్నిటికంటే ముందు చేయడం. కింది అడుగుల వరుస అందుకే అలా ఉంది.

కావాల్సినవి

- మీకు ఇప్పటికే కాస్త అలవాటున్న ఇంజిన్. గోడాట్, యూనిటీ, గేమ్‌మేకర్, కన్‌స్ట్రక్ట్, ఫేజర్, పికో-8, ఏదైనా సరే. కోడ్ అసలు రాకపోతే కథ ఆధారిత గేమ్‌కి ట్వైన్, చిన్న బొమ్మల గేమ్‌కి బిట్సీ సరిపోతాయి. జామ్ కోసమని కొత్త ఇంజిన్ మొదలుపెట్టకండి. అన్‌రియల్ వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి: అందులో ఇప్పుడు బ్రౌజర్ బిల్డ్ సౌకర్యం లేదు, డౌన్‌లోడ్ గేమ్ మాత్రమే ఇవ్వగలరు.
- గేమ్‌లు పెట్టుకునే వెబ్‌సైట్ ఇచ్ డాట్ ఐఓలో ఖాతా. చాలా జామ్‌లు అక్కడే జరుగుతాయి.
- బొమ్మలకు ఒక టూల్: పిక్సెల్ ఆర్ట్‌కి పిస్కెల్, లిబ్రేస్ప్రైట్ లేదా ఏస్‌ప్రైట్, చేత్తో గీసే అలవాటు ఉంటే క్రిటా.
- సౌండ్లకు జేఎస్‌ఎఫ్‌ఎక్స్ఆర్ లేదా చిప్‌టోన్, మ్యూజిక్‌కి బీప్‌బాక్స్. మూడూ బ్రౌజర్‌లోనే నడుస్తాయి, ఉచితం.
- బ్యాకప్‌కి గిట్ (ఫైళ్ల పాత వెర్షన్లను దాచి ఉంచే టూల్). రాకపోతే మూడు గంటలకోసారి ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని జిప్ చేసి క్లౌడ్ డ్రైవ్‌లో పడేయండి.
- గేమ్ ఆడి చూడటానికి ఒక మనిషి. అది మీరు కాకూడదు. జామ్ రోజుల్లో ఒక అరగంట ఇమ్మని ముందే మాట తీసుకోండి.

అడుగు 1. సరైన జామ్ ఎంచుకోండి

ఇచ్ డాట్ ఐఓలో జామ్‌ల క్యాలెండర్ ఉంటుంది. మొదటిసారికి 48 గంటల నుంచి వారం దాకా ఉండేవి చూడండి. నెల రోజుల జామ్ సులువనిపిస్తుంది గానీ, గడువు పెరిగేకొద్దీ ఆలోచన కూడా పెరిగిపోతుంది; కొత్తవాళ్లకు అదే ప్రమాదం.

తెలిసి ఉండాల్సినవి కొన్ని. లూడమ్ డేర్ 2002 నుంచి నడుస్తోంది. అందులో కాంపో విభాగం 48 గంటలు, ఒక్కరే చేయాలి, బొమ్మలూ సౌండ్లూ అన్నీ ఆ గడువులోనే తయారు కావాలి, సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి. జామ్ విభాగం 72 గంటలు, టీమ్‌గా చేయొచ్చు, నియమాలు సడలింపుగా ఉంటాయి. మొదటిసారి వెళ్తే జామ్ విభాగమే మేలు. గ్లోబల్ గేమ్ జామ్ 2009లో మొదలైంది, ఏటా జనవరి చివర్లో ప్రపంచమంతటా ఒకేసారి జరుగుతుంది; ఒకచోట కూర్చుని మనుషులతో కలిసి చేయాలనుకునేవారికి అది బాగుంటుంది, పోటీ కూడా ఉండదు. 2017లో మొదలైన జీఎమ్‌టీకే జామ్‌కి వేలల్లో ఎంట్రీలు వస్తాయి కాబట్టి అంత గుంపులో మీ గేమ్ ఎవరికీ కనబడకుండా పోవచ్చు. గోడాట్ వైల్డ్ జామ్ ప్రతి నెలా వస్తుంది, తొమ్మిది రోజులు ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు కూర్చునేవారికి అది నప్పుతుంది. జేఎస్13కే మాత్రం మొదటిసారికి వద్దు: గేమ్ మొత్తం జిప్ చేశాక 13 కిలోబైట్లు దాటకూడదు. అదో వేరే విద్య.

సులువైన కొలత ఒకటి ఉంది. 50 నుంచి 300 ఎంట్రీలు వచ్చే జామ్ అయితే మీ గేమ్‌ని ఆడేవాళ్లు దొరుకుతారు. అదే పేరుతో పాత జామ్ జరిగి ఉంటే దాని పేజీలో ఎన్ని ఎంట్రీలు వచ్చాయో కనిపిస్తుంది.

అడుగు 2. నియమాల పేజీని కాగితం దగ్గర పెట్టుకుని చదవండి

ఐదు విషయాలు రాసుకోవాలి: గడువు ఎప్పుడు ముగుస్తుంది, ముందే ఉన్న కోడ్ వాడొచ్చా, ఇతరుల బొమ్మలూ సౌండ్లూ వాడొచ్చా, ఏఐతో చేసినవి ఒప్పుకుంటారా, బ్రౌజర్ బిల్డ్ తప్పనిసరా.

గడువు విషయంలో టైమ్ జోన్ పొరపాటు చాలా మామూలు. పేజీలో నడుస్తున్న కౌంట్‌డౌన్ చూసి, మీ గడియారం ప్రకారం ఏ రోజు ఎన్ని గంటలకో లెక్కేసి, దానికి రెండు గంటలు ముందు ఫోన్‌లో అలారం పెట్టండి. మీ వరకు అదే అసలు గడువు.

ఇతరుల బొమ్మలు వాడుకోవచ్చంటే లైసెన్స్ చూడాలి. క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో సీసీ0 అయితే ఏ షరతూ లేదు. కెన్నీ వెబ్‌సైట్‌లోని బొమ్మలూ సౌండ్లూ అలాంటివే. సీసీ బై అయితే చేసినవారి పేరు తప్పకుండా ఇవ్వాలి. ఓపెన్‌గేమ్‌ఆర్ట్, ఫ్రీసౌండ్ లాంటి చోట్ల ఒక్కో ఫైల్‌కి ఒక్కో లైసెన్స్ ఉంటుంది. కాబట్టి డౌన్‌లోడ్ చేసిన క్షణంలోనే ఫైల్ పేరు, చేసినవారి పేరు, లైసెన్స్ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసేయండి. తర్వాత వెతకబోతే దొరకవు.

అడుగు 3. జామ్‌కి ముందు వారం: ఖాళీ గేమ్‌ని అప్‌లోడ్ చేయండి

ఈ మొత్తంలో ఒక్క అడుగే చేస్తానంటే ఇదే చేయండి. ఒక చతురస్రం, బాణం కీలతో కదులుతుంది, ఏదో ఒక బటన్ నొక్కితే సౌండ్ వస్తుంది. అంతే. దాన్ని వెబ్ బిల్డ్ చేసి ఇచ్‌లో డ్రాఫ్ట్ పేజీగా పెట్టి, బ్రౌజర్‌లో తెరిచి చూడండి.

గోడాట్‌లో: ఎడిటర్ మెనూలోంచి ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. అవి పెద్ద ఫైళ్లు, జామ్ చివరి గంటలో నెట్ నెమ్మదిస్తే గోవిందా. రెండరర్ కంపాటిబిలిటీ అని ఎంచుకోండి, వెబ్‌లో నడిచేది అదే. గోడాట్ 4లో సీ షార్ప్‌తో రాస్తే వెబ్ ఎక్స్‌పోర్ట్ కుదరదు, జీడీస్క్రిప్ట్ వాడాలి. వెర్షన్ 4.3 నుంచి థ్రెడ్లు లేకుండా ఎక్స్‌పోర్ట్ అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. అంతకుముందు 4 వెర్షన్లలో అయితే ఇచ్ పేజీ సెట్టింగ్స్‌లో షేర్డ్ అరే బఫర్ సపోర్ట్ అన్నచోట టిక్ పెట్టాలి.

యూనిటీలో: హబ్‌లోంచి వెబ్ మాడ్యూల్ వేసుకోవాలి. ప్లేయర్ సెట్టింగ్స్‌లో పబ్లిషింగ్ సెట్టింగ్స్‌కి వెళ్లి, కంప్రెషన్ ఫార్మాట్ జీజిప్ పెట్టి, డీకంప్రెషన్ ఫాల్‌బ్యాక్ టిక్ చేయండి. మొదటి వెబ్ బిల్డ్‌కి చాలాసేపు పడుతుంది, ఎందుకంటే మీ కోడ్ అంతా సీ ప్లస్ ప్లస్‌గా, ఆపై వెబ్ అసెంబ్లీగా మారుతుంది. ఆ సమయం ఎంతో ఇప్పుడే కొలిచి రాసుకోండి. 20 నిమిషాలు పడితే, ఆఖరి గంటలో మీకు దక్కేది మూడు ప్రయత్నాలే.

ఇచ్‌లో: కొత్త ప్రాజెక్ట్ తెరిచి రకం హెచ్‌టీఎంఎల్ అని పెట్టండి. బిల్డ్ ఫోల్డర్ లోపలి ఫైళ్లను ఎంచుకుని జిప్ చేయండి. జిప్ తెరవగానే ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ పైనే కనిపించాలి. అప్‌లోడ్ అయ్యాక, ఈ ఫైల్ బ్రౌజర్‌లో ఆడేది అనే టిక్ మర్చిపోవద్దు. జిప్‌లో 1,000 ఫైళ్లకు మించకూడదు, విప్పాక మొత్తం 500 ఎంబీ దాటకూడదు. చూపించే సైజ్ 960×540 పెట్టండి. 1280×720 పెడితే చిన్న లాప్‌టాప్‌లలో కింది భాగం కనిపించక, ఆడేవాళ్లు స్క్రోల్ చేసుకోవాల్సి వస్తుంది. ఫుల్‌స్క్రీన్ బటన్ కూడా ఆన్ చేయండి.

సరిచూడండి: మీరు వాడని ఇంకో బ్రౌజర్‌లో, వీలైతే ఇంకో కంప్యూటర్‌లో తెరవండి. చతురస్రం కదిలిందా? సౌండ్ వచ్చిందా? బాణం కీలు నొక్కినప్పుడు పేజీ కిందికి జారుతోందా? ఈ మూడూ సరిగా ఉంటే సగం గండం గడిచినట్టే.

(బిల్డ్ ఫోల్డర్‌లోని హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని నేరుగా డబుల్ క్లిక్ చేస్తే గేమ్ తెరుచుకోదు. అది మీ తప్పు కాదు. బ్రౌజర్లు అలా ఒప్పుకోవు. లోకల్ సర్వర్ ద్వారా తెరవాలి. యూనిటీలో బిల్డ్ అండ్ రన్, గోడాట్‌లో బ్రౌజర్‌లో నడిపే బటన్ ఆ పని వాటంతటవే చేస్తాయి.)

అడుగు 4. టీమ్ సంగతి తేల్చుకోండి

మొదటిసారి ఒక్కరైనా సరే, ఇద్దరు ముగ్గురైనా సరే. నలుగురు దాటితే గేమ్ కంటే మాట్లాడుకోవడానికే ఎక్కువ సమయం పోతుంది. కోడ్ రాసేవారు ఇద్దరుంటే సీన్ (గేమ్‌లోని ఒక గది, లెవెల్ లాంటి భాగం) ఫైళ్ల దగ్గర గిట్‌లో గొడవొస్తుంది: ఇద్దరూ ఒకే సీన్ మార్చితే కలపడం నరకం. అందుకే ప్రధాన సీన్‌ని ఒక్కరే ముట్టుకోవాలని మొదటే చెప్పుకోండి, రెండో వ్యక్తి వేరే సీన్లో పని చేసి ఇవ్వాలి. యూనిటీ అయితే లైబ్రరీ ఫోల్డర్, గోడాట్ 4 అయితే డాట్ గోడాట్ ఫోల్డర్ గిట్‌లోకి పోకుండా ఇగ్నోర్ ఫైల్ పెట్టుకోండి.

అడుగు 5. థీమ్ వచ్చాక మొదటి రెండు గంటలు ఇంజిన్ తెరవకండి

పది ఆలోచనలు కాగితం మీద రాయండి. మొదటి మూడూ అందరికీ తట్టేవే అయి ఉంటాయి, వాటిని కొట్టేయండి. మిగిలినవాటిలో ప్రతిదాన్నీ ఒక్క వాక్యంలో చెప్పి చూడండి: ఆడేవాడు ఏ పని చేస్తాడు, దానికి ఏది అడ్డొస్తుంది. ఒక్క వాక్యంలో ఇమడకపోతే అది ఈ వారాంతానికి పట్టదు.

నిజంగా జరిగిన థీమ్ ఒకటి తీసుకుందాం. 2013 డిసెంబరులో లూడమ్ డేర్ 28 థీమ్: నీకు దక్కేది ఒక్కటే. చాలామందికి వెంటనే తట్టేది ఒకే ప్రాణం, ఒకే బుల్లెట్. అదే జామ్‌లో పుట్టిన టైటన్ సోల్స్ దాన్ని ఇంకొక్క అడుగు ముందుకు తీసుకెళ్లింది: హీరో దగ్గర ఒకే బాణం, వేశాక మళ్లీ తెచ్చుకోవాలి. ఆ ఒక్క చిన్న షరతు మొత్తం గేమ్‌ని నిలబెట్టింది, 2015లో పూర్తి గేమ్‌గా కూడా విడుదలైంది.

అదే థీమ్ మీకు వచ్చిందనుకోండి. ఆలోచన: గదుల్లో చాలా తలుపులు, తాళంచెవి ఒక్కటే, తలుపు తెరిస్తే చెవి అందులోనే ఉంటుంది, చెవి తీసేస్తే తలుపు మళ్లీ మూసుకుంటుంది. ఒక్క వాక్యంలో చెప్పేశాం. ఇప్పుడు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు, ఇవి లేకపోతే గేమే లేదు అన్నవి: నడవడం, చెవి తీసుకోవడం, తలుపులో పెట్టడం, తలుపు తెరుచుకోవడం, బయటికెళ్లే దారి, చివరి స్క్రీన్. కుడివైపు, ఉంటే బాగుంటుంది అన్నవి: శత్రువులు, మాటలు, చీకటి, సేవ్ చేయడం, రెండో పాత్ర. కుడివైపుది గడువులో సగం దాటేదాకా ముట్టుకోకూడదు. ఎడమవైపు ఏడు అంశాలు దాటితే ఒకటి కొట్టేయండి, లేదా ఆలోచనే మార్చండి.

మొదటి జామ్‌కి పెట్టుకోకూడనివి: ఆన్‌లైన్ మల్టీప్లేయర్, ఓపెన్ వరల్డ్, ఇన్వెంటరీ, చాలా శాఖలుగా విడిపోయే సంభాషణలు, తనంతట తానే లెవెళ్లు తయారుచేసే ప్రోగ్రామ్. వీటిలో ప్రతిదీ దానికదే వారాంతం మింగేస్తుంది.

అడుగు 6. సమయాన్ని పంచుకోండి

48 గంటలంటే 48 గంటల పని కాదు. రెండు రాత్రుల నిద్ర 14 గంటలు, తిండీ స్నానం నడకా 6 గంటలు తీసేస్తే 28 మిగులుతాయి. అందులోనూ ఆఖరి రెండు గంటలు అప్‌లోడ్‌కే. నిద్ర మానేసి ఆ లెక్క పెంచుకోవద్దు: నిద్రలేకుండా తెల్లవారుజామున రాసిన కోడ్‌లో తప్పులు వెతకడానికి మర్నాడు అంతకు రెట్టింపు సమయం పోతుంది.

0–2 గంటలు: ఆలోచన.
2–8: ప్రోటోటైప్ (గేమ్ తొలి నమూనా). బొమ్మలు లేవు, చతురస్రాలే.
8–10: ఉంచాలా మార్చాలా తేల్చడం. ఆపై నిద్ర.
18–24: మొదటి స్క్రీన్ నుంచి చివరి స్క్రీన్ దాకా ఆడగలిగే గేమ్.
24: మొదటి సబ్మిట్.
24–34: లెవెళ్లు, బొమ్మలు. ఆపై నిద్ర.
41–44: సౌండ్, మ్యూజిక్, చిన్న మెరుగులు.
44–46: ఇతరులతో ఆడించడం, పేజీ.
46: ఆఖరి అప్‌లోడ్.

వారం జామ్ అయితే రోజుకి రెండు గంటల లెక్కన ఇదే వరుస, ఇదే నిష్పత్తి.

అడుగు 7. చతురస్రాలతో ప్రోటోటైప్

8వ గంటకి, అంటే గడువులో ఆరో వంతు గడిచేసరికి, అసలు పని చేతిలో ఉండాలి. తాళంచెవి గేమ్ అయితే ఒక గది, రెండు తలుపులు, ఒక పసుపు చుక్క చాలు. అది కాస్తయినా ఆలోచింపజేస్తోందా? లేకపోతే అందమైన బొమ్మలు దాన్ని కాపాడవు. ఈ దశలో ఆలోచన మార్చడం నష్టం కాదు. 30వ గంటకి మారిస్తే నష్టం.

కోడ్ శుభ్రంగా రాయాలన్న పట్టుదల రెండు రోజులు పక్కన పెట్టండి. ఒకటి మాత్రం తప్పదు: కదలికని ఫ్రేమ్‌ల లెక్కన కాకుండా సమయం లెక్కన రాయాలి, అంటే వేగాన్ని డెల్టా టైమ్‌తో (ముందు ఫ్రేమ్ నుంచి గడిచిన సమయం) గుణించాలి. లేకపోతే మీ 60 హెర్ట్జ్ మానిటర్‌లో సరిగా ఉన్న పాత్ర, 144 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవారి దగ్గర రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో పరుగెడుతుంది. ఈ తప్పు మీ కంప్యూటర్‌లో ఎప్పటికీ కనబడదు. సరిచూడటానికి, ఇంజిన్‌లో ఫ్రేమ్ రేటుని 30కి, తర్వాత 120కి కట్టేసి ఆడండి. పాత్ర ఒక గోడ నుంచి ఇంకో గోడకి చేరడానికి పట్టే సమయం రెండింటిలో ఒకటే ఉండాలి.

అడుగు 8. సగం గడువుకే సబ్మిట్ చేయండి

24వ గంటకి గేమ్ వికారంగానే ఉంటుంది. అయినా బిల్డ్ చేయండి, పేజీని డ్రాఫ్ట్ నుంచి పబ్లిక్ చేయండి, జామ్ పేజీలో సబ్మిట్ నొక్కి మీ ప్రాజెక్ట్ ఎంచుకోండి. గడువు ముగిసేదాకా ఎన్నిసార్లైనా కొత్త ఫైల్ పెట్టుకోవచ్చు. కరెంటు పోయినా, నెట్ పోయినా, జ్వరమొచ్చినా అప్పటికి మీ ఎంట్రీ లోపల ఉంటుంది.

సరిచూడండి: ఇన్‌కాగ్నిటో విండోలో, లాగిన్ కాకుండా, జామ్ ఎంట్రీల జాబితా నుంచి మీ గేమ్‌ని తెరవండి. పేజీ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంటే మీకు కనిపిస్తుంది, బయటివారికి కనిపించదు. లాగిన్ అయి చూస్తే ఈ తేడా తెలియదు.

అడుగు 9. లెవెళ్లు, బొమ్మలు, సౌండ్

ఐదు నిమిషాల గేమ్ చాలు. రేటింగ్ ఇచ్చేవాళ్లు వరసగా చాలా గేమ్‌లు ఆడతారు, ఒక్కోదాని దగ్గర ఎక్కువసేపు కూర్చోరు. 20 లెవెళ్ల కన్నా, ఒక్కోటి కొత్త సంగతి చూపించే ఆరు లెవెళ్లు నయం. మొదటి లెవెల్‌లో ఓడిపోవడం కుదరకూడదు. అక్కడ ఆడేవాళ్లు కీలు తెలుసుకుంటారు, అంతే.

బొమ్మలు రానివారికి అన్నిటికంటే పనికొచ్చే చిట్కా: నాలుగైదు రంగులు ఎంచుకుని వాటినే వాడండి. లోస్పెక్ సైట్‌లో సిద్ధంగా ఉన్న ప్యాలెట్లు దొరుకుతాయి. సాదా చతురస్రాలైనా ఒకే ప్యాలెట్‌లో ఉంటే చూడముచ్చటగా ఉంటాయి. 16×16 పిక్సెల్ బొమ్మ పక్కన 64×64 బొమ్మ పెట్టి రెండింటినీ ఒకే పరిమాణానికి సాగదీస్తే మాత్రం ఎంత కష్టపడినా అతుకులబొంతలా కనిపిస్తుంది. పిక్సెల్ ఆర్ట్ మసకబారితే టెక్స్చర్ ఫిల్టర్‌ని నియరెస్ట్ లేదా పాయింట్ అని మార్చండి.

సౌండ్‌ని చివరికి వదిలి అసలు పెట్టకపోవడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. జేఎస్‌ఎఫ్‌ఎక్స్ఆర్‌లో గెంతడం, నాణెం, దెబ్బ, పేలుడు అని సిద్ధంగా బటన్లు ఉంటాయి. నచ్చేదాకా నొక్కడం, సేవ్ చేయడం. ఆరు సౌండ్లకు అరగంట పడుతుంది, గేమ్ రూపమే మారిపోతుంది. మ్యూజిక్ 20–30 సెకన్ల లూప్ చాలు. దాన్ని ఎంపీ3గా కాకుండా ఓజీజీగా దాచండి, ఎందుకంటే ఎంపీ3 ఎన్‌కోడింగ్‌లో మొదట, చివర కొంచెం నిశ్శబ్దం చేరి, లూప్ మళ్లీ మొదలైనప్పుడల్లా తెగినట్టు వినిపిస్తుంది. మ్యూజిక్‌ని ఆపే కీ ఒకటి తప్పక పెట్టండి.

గెంతే గేమ్ చేస్తుంటే రెండు చిన్న పనులు. అంచు దాటి 0.1 సెకను అయ్యేదాకా గెంతడానికి అనుమతించండి. నేలను తాకడానికి 0.1 సెకను ముందు గెంతు కీ నొక్కినా లెక్కలోకి తీసుకోండి. ఆడేవాళ్లకు ఈ రెండూ ఉన్నట్టే తెలియదు. లేకపోతే మాత్రం కీ పనిచేయట్లేదని తిట్టుకుంటారు.

అడుగు 10. ఇంకొకరి చేతికి ఇచ్చి, నోరు మూసుకుని చూడండి

ఏమీ చెప్పొద్దు, అదెలా ఆడాలో కూడా. ఎక్కడ ఆగారు, ఏ కీ ముందు నొక్కారు, ఏది చదవకుండా దాటేశారు అన్నవి రాసుకోండి. దూరంగా ఉన్నవారైతే స్క్రీన్ షేర్ చేయమనండి. రెండు నిమిషాలు ఒకేచోట ఇరుక్కుంటే తప్పు గేమ్‌ది.

దాదాపు ప్రతి మొదటి గేమ్ అవసరానికి మించి కష్టంగా ఉంటుంది. చేసినవారు అదే లెవెల్‌ని వందసార్లు ఆడి ఉంటారు కాబట్టి వాళ్లకు తెలియదు. మీకు మరీ తేలిక అనిపించేదాకా తగ్గించండి. చెక్‌పాయింట్లు పెంచండి. చచ్చాక మళ్లీ మొదలవడానికి ఒక సెకను మించి పట్టకూడదు.

అడుగు 11. పేజీ, ఆఖరి బిల్డ్

కవర్ బొమ్మ 630×500 పిక్సెళ్లు. ఎంట్రీల జాబితాలో అది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి గేమ్ పేరు పెద్ద అక్షరాల్లో, వెనక ఒకే ఒక బొమ్మ. పేజీలో మొదట కీలు రాయండి, తర్వాత థీమ్‌కి గేమ్ ఎలా సరిపోతుందో ఒక వాక్యం, తర్వాత మూడు స్క్రీన్‌షాట్లు, చివర క్రెడిట్లు. కీలు గేమ్ లోపల కూడా కనిపించాలి. చాలామంది పేజీ చదవరు.

డౌన్‌లోడ్ బిల్డ్ కూడా ఇవ్వాలనుకుంటే ఫోల్డర్ మొత్తాన్ని జిప్ చేయండి. యూనిటీ బిల్డ్‌లో ఎగ్జిక్యూటబుల్ ఫైల్ ఒక్కటే పెడితే నడవదు. పక్కనున్న డేటా ఫోల్డర్, డీఎల్‌ఎల్ ఫైళ్లు కూడా కావాలి. గోడాట్‌లో అయితే పీసీకే ఫైల్ వెంట ఉండాలి. అయినా బ్రౌజర్ బిల్డ్‌కే ప్రాధాన్యం ఇవ్వండి: తెలియని ఫైల్ డౌన్‌లోడ్ చేయడానికి జనం జంకుతారు, పైగా విండోస్ హెచ్చరిక కూడా చూపిస్తుంది.

బిల్డ్ మొరాయిస్తే

నా కంప్యూటర్‌లో బొమ్మలు వస్తున్నాయి, ఇచ్‌లో రావట్లేదు: ఫైల్ పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా. విండోస్ పట్టించుకోదు, వెబ్ పట్టించుకుంటుంది. ఇకపై ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి.

సౌండ్ రావట్లేదు: ఆడేవారు క్లిక్ చేసేదాకా బ్రౌజర్లు సౌండ్‌ని ఆపుతాయి. గేమ్ మొదట్లో, మొదలుపెట్టడానికి క్లిక్ చేయండి అనే స్క్రీన్ పెట్టండి. కీబోర్డు పని చేయకపోవడం కూడా దీంతోనే పోతుంది, ఎందుకంటే క్లిక్ చేస్తేనే కీలు గేమ్‌కి చేరతాయి.

కంట్రోల్ కీ నొక్కితే ట్యాబ్ మూసుకుపోతోంది: కంట్రోల్‌తో పాటు డబ్ల్యూ నొక్కితే బ్రౌజర్ ట్యాబ్ మూస్తుంది. కంట్రోల్‌ని గేమ్‌లో వాడొద్దు. ఎస్కేప్ కూడా ఫుల్‌స్క్రీన్ నుంచి బయటికి తెస్తుంది కాబట్టి పాజ్‌కి పీ పెట్టండి.

క్విట్ బటన్ నొక్కితే గేమ్ గడ్డకట్టింది: వెబ్‌లో మూయడానికి ఏమీ లేదు. ఆ బటన్ తీసేయండి.

ఖాళీ నల్ల స్క్రీన్: బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి కన్సోల్ తెరవండి. మొదటి ఎర్ర వాక్యమే అసలు కారణం, కింద వచ్చేవన్నీ దాని పర్యవసానాలు. ఎంతకీ తేలకపోతే 24వ గంట బిల్డ్‌ని మళ్లీ పెట్టి, అప్పటి నుంచి చేర్చినవి ఒక్కొక్కటిగా కలుపుతూ రండి.

గడువు దాటిపోయింది: జామ్ నిర్వాహకులకు వెంటనే మర్యాదగా రాయండి. కొందరు ఆలస్యపు ఎంట్రీకి లింక్ ఇస్తారు. గేమ్ మాత్రం అప్పటికే పేజీలో ఉండాలి.

అడుగు 12. రేటింగ్ రోజుల్లో మాయం కాకండి

గడువు ముగిశాక, ఒకరి గేమ్‌కి ఒకరు మార్కులిచ్చే రేటింగ్ నడుస్తున్నప్పుడు ఇచ్ సాధారణంగా కొత్త ఫైళ్లను అడ్డుకుంటుంది. కాబట్టి తెలిసిన లోపాలను పేజీలో రాసేయండి: మూడో గదిలో ఇరుక్కుంటే ఆర్ నొక్కండి, ఇలా. లూడమ్ డేర్‌లో గేమ్ ఆగిపోయే బగ్‌లను సరిదిద్దవచ్చు, కొత్తవి చేర్చకూడదు.

ఎన్ని రేటింగ్‌లు వచ్చాయన్నది కూడా లెక్కలోకి వస్తుంది. లూడమ్ డేర్‌లో స్కోర్ రావాలంటే దాదాపు 20 రేటింగ్‌లు కావాలి. ఇచ్‌లో అయితే జామ్ మొత్తంలో మధ్యస్థ సంఖ్య (మీడియన్: ఎంట్రీలకు వచ్చిన రేటింగ్‌ల సంఖ్యలను వరసలో పెడితే నడుమ ఉండేది) కన్నా తక్కువ వస్తే స్కోర్ తగ్గుతుంది: మీకు వచ్చిన సంఖ్యని మధ్యస్థ సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, దాంతో స్కోర్‌ని గుణిస్తారు. మధ్యస్థం 20 ఉండి మీకు 5 వస్తే, పావుకి వర్గమూలం సగం; మీ సగటు 4.0 కాస్తా 2.0 అయిపోతుంది. గేమ్ బాగున్నా ర్యాంకు అడుగున ఉండటానికి తరచూ కారణం ఇదే.

రేటింగ్‌లు రావాలంటే మీరు ఇతరుల గేమ్‌లు ఆడాలి. రోజుకి ఐదు ఆడి, ప్రతిదానికీ కామెంట్ రాయండి. బాగుంది అని వదిలేయకుండా, ఎక్కడ ఆగారో, ఏది నచ్చిందో, ఏ లెవెల్ కష్టమైందో చెప్పండి. అలా రాసినవారి పేజీకి అవతలివారు తిరిగి వస్తారు. తక్కువ రేటింగ్‌లు ఉన్న గేమ్‌లతో మొదలుపెట్టండి. వాటిని చేసినవారే మీకు ముందు జవాబిస్తారు.

మీ గేమ్ కింద వచ్చిన కామెంట్లను ఒక ఫైల్‌లోకి తెచ్చుకోండి. ముగ్గురు వేరువేరు మనుషులు ఒకే మాట చెబితే అది తప్పక సరిదిద్దాల్సింది. ఒక్కరే చెబితే అది వారి అభిరుచి కావచ్చు. ఫలితాలు వచ్చాక మొత్తం ర్యాంకు కన్నా విభాగాల వారీ స్కోర్లు చూడండి: బొమ్మలకు 2.5 వచ్చి కొత్తదనానికి 3.8 వచ్చిందంటే ఆలోచన నిలబడింది, తర్వాతి జామ్‌కి బొమ్మలు వేసేవారిని తోడు తెచ్చుకోవాలని అర్థం. గేమ్‌ని ఇంకా సాగదీయాలనిపిస్తే జామ్ బిల్డ్‌ని గిట్‌లో ట్యాగ్ చేసి అలాగే ఉంచండి, సరిదిద్దినదాన్ని వేరే ఫైల్‌గా అదే పేజీలో పెట్టండి. పాత బిల్డ్‌ని చెరిపేస్తే, కింద ఉన్న కామెంట్లు ఏ గేమ్ గురించో కొత్తగా వచ్చినవారికి అర్థం కాదు.